మలుపు దాటని గుర్రం

షావుకారు గుర్రమెక్కి వెళ్ళాడు, గుర్రాన్ని లాక్కుంటూ తిరిగొచ్చాడు. ఆ రావడం చూస్తే ఎవరు ఎవర్ని తోలుకొస్తున్నారో చెప్పడం కొంచెం కష్టమే. బట్టల కొట్టు మనిషి. గట్టిగా తుమ్మితే చొక్కా మడత నలుగుతుందేమోనని తుమ్ము ఆపుకునే రకం. అలాంటివాడి చొక్కా వీపంతా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కళ్ళజోడు ఒక చెవికే వేలాడుతోంది. మొహం కందగడ్డ. వెనకాల గోధుమరంగు ఆడగుర్రం మాత్రం చుట్టాలింటికి వెళ్ళొస్తున్నంత నింపాదిగా అడుగులేస్తోంది.

రౌతు లాయం ముందు మడతమంచం మీద కూర్చుని జీను పట్టీకి కొవ్వు రాస్తున్నాడు. అందరూ ఆయన్ని రౌతు అనే పిలుస్తారు. కిందటి చలికాలంలో ఒక పొగరుబోతు మగగుర్రం ఆయన్ని కంచె మీదికి విసిరేసి ఎడమ మోకాలిని పనికిరాకుండా చేసిన దగ్గర్నుంచి, రౌతు ఎక్కుతున్నది ఆ మడతమంచం ఒక్కటే. అయినా పేరు మాత్రం దిగలేదు.

"ఇదేం గుర్రమయ్యా? గుర్రమా, గడియారస్తంభమా?" అన్నాడు షావుకారు, తాడు రౌతు ఒళ్ళోకి విసిరేసి. "సంత వీధి మలుపులో నిలబడిపోయింది. ఇటు బస్సు, అటు కూరగాయల బండి. మధ్యలో ఇది. దాని మీద నేను. చూసినవాడల్లా నవ్వినవాడే."

"ఎంతసేపేంటి?"

"ఎంతసేపా! కాకి వచ్చి నా నెత్తిన వాలబోయింది!"

"వాలిందా?"

"వాలలేదు."

"అయితే మరీ ఎక్కువసేపేం కాదులే," అన్నాడు రౌతు. "నేను మచ్చిక చేసిన ఒక గుర్రం ఉండేది షావుకారూ, అది ఎంత జోరుగా పోయేదంటే, దాని నీడ మర్నాడు పొద్దున రొప్పుకుంటూ ఇంటికొచ్చి..."

"నీ నీడ కథలు నాకొద్దు. మచ్చికైన గుర్రమన్నావా లేదా?"

"అన్నాను. పూర్తిగా నేర్చిందనలేదు. జీను వేయించుకుంటుందన్నాను, కళ్ళెం పట్టించుకుంటుందన్నాను, మనిషిని మోస్తుందన్నాను. నడుస్తుంది, ఆగుతుంది..."

"ఆ! ఆగుతుంది! అది మాత్రం బ్రహ్మాండంగా ఆగుతుంది! నువ్వు నేర్పిందేదైనా ఉందంటే అదొక్కటే."

తొట్టి దగ్గర్నుంచి రౌతు భార్య బకెట్టు పట్టుకుని వచ్చింది. వచ్చిన మనిషి షావుకారు వంక చూడలేదు, మొగుడి వంక చూడలేదు. తిన్నగా గుర్రం మూతి దగ్గరికి పోయి, కళ్ళెం ఇనుము కిందకి వేలు పోనిచ్చి, పెదవి మూల ఎత్తి చూసింది. వేలు బయటికి తీస్తే ఎర్రగా ఉంది.

"పగ్గం ఎవరు గుంజారు?"

"ఆగిపోయినదాన్ని గుంజక బతిమాలుకుంటారా అమ్మా?"

"గుంజితే ఆగమని కదయ్యా అర్థం. అది ఆగింది. మళ్ళీ గుంజావు. అది ఇంకా ఆగింది. ఇంతకన్నా చెప్పిన మాట వినేదాన్ని ఎక్కడ తెస్తాం నీకు?"

షావుకారు జవాబుకి బదులు గొంతు పెంచాడు. పెంచిన గొంతుతో బయానా వెనక్కిమ్మన్నాడు, మోసం అన్నాడు, పదిమందికి చెప్తానన్నాడు, చెప్పక్కర్లేదు పదిమందీ అక్కడే నిలబడి చూశారని తనే గుర్తు చేసుకుని ఇంకా మండిపడ్డాడు. రౌతు లోపల్నుంచి డబ్బు తెప్పించి ఇచ్చేశాడు. ఇస్తూ, "గుర్రంలో లోపం లేదు షావుకారూ, ఎక్కినవాడి నడుంలో ఉంటుంది లోపం," అన్నాడు. అనకుండా ఉండలేడు. షావుకారు గేటుని కాలితో తన్ని వెళ్ళిపోయాడు.

ఆ గేటు ఊగడం ఇంకా ఆగనే లేదు, జీపొకటి వచ్చి నిలబడింది. కంకర క్వారీ కాంట్రాక్టరు. కేకలన్నీ రోడ్డు మలుపు నుంచే విన్నట్టున్నాడు, మొహం వికసించి ఉంది.

"ఏం రౌతన్నా, తిరిగొచ్చేసిందా?"

"షికారుకెళ్ళొచ్చింది."

"నాకిచ్చేయరాదూ. ఆగుతుందని దిగులుపడకు. మా క్వారీలో ఆగడానికి చోటుండదు. ముందు బండి, వెనక బండి." తెల్లటి పళ్ళు చూపించాడు. "ఆదివారం తాడు తెచ్చుకుంటాను. అప్పటికెవరూ కొనకపోతే నాదే. కాదనకు. ఈ కాలుతో వానాకాలమంతా దీన్నెలా మేపుతావు చెప్పు?"

మాట తప్పు కాదు. గడ్డివాములో అడుగు కనిపిస్తోంది. లాయం కప్పు సగం ఆకాశమే. కానీ ఆ క్వారీ రోడ్డు మీద ఎక్కిపోయిన గుర్రాల్ని రౌతూ భార్యా ఇద్దరూ చూశారు. దిగొచ్చిన గుర్రాన్ని ఒక్కదాన్నీ చూడలేదు.

"ఆదివారం సంగతి ఆదివారం," అన్నాడు రౌతు.

జీపు పోయాక భార్య గోరువెచ్చటి ఉప్పునీళ్ళు తెచ్చి, గుడ్డతో గుర్రం నోరు ఒత్తింది. ఒత్తుతున్నంతసేపూ అది ఆమె భుజం మీద గడ్డం ఆనించి నిలబడింది. ఆమె దాన్ని 'పిల్లా' అని పిలుస్తుంది. వేరే పేరు పెట్టే తీరిక ఎవరికీ దొరకలేదు.

"ఎందుకాగిందంటావు?" అన్నాడు రౌతు.

"నాకేం తెలుసు? ఇందాక షావుకారుతో నేనూ వెళ్ళాగా, సంత వీధి మలుపు దాకా. వెన్నలా నడిచింది. అక్కడ్నుంచి నేను వెనక్కొచ్చేశాను."

"అదే మరి, షావుకారు చేతకానితనం," అన్నాడు రౌతు, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. "ఆ స్వారీ బడి మేడానికి కబురు పెడతాను. ఆవిడైతే గుర్రమెక్కడం తెలిసిన మనిషి."

మర్నాడు పొద్దున్నే మేడం వచ్చింది. పొట్టి జుట్టు, బిగుతు పంట్లాం, చంకలో హెల్మెట్టు. మాటలు తక్కువ. ఆవిడ బడిలో పిల్లలకి, పెద్దలకి స్వారీ నేర్పుతారు. అక్కడి గుర్రాలకి లాయం పక్కా కప్పుతో ఉంటుంది, పశువుల డాక్టరు నెలనెలా వస్తాడు. రౌతు భార్య ఆ సంగతి కబురు తీసుకెళ్ళిన మనిషిని రెండోసారి కూడా అడిగి తెలుసుకుంది.

మేడం ముందు గుర్రం కాళ్ళు నాలుగూ తడిమింది. డెక్కలెత్తి చూసింది. పళ్ళు చూడబోయి పెదవి దగ్గర ఆగింది.

"ఇదెవరు చేశారు?"

"అదా మేడం," అని రౌతు మంచం మీద సర్దుకున్నాడు. "పెద్ద కథ. ఒక షావుకారు..."

"కథ వద్దు. మీరు చేయలేదుగా?"

"నేనా! నా చేతిలో పడ్డ గుర్రం నోట్లో ఈగ కూడా..."

"చాలు. నోరు మానేదాకా ఇనుము వద్దు. ముఖతాడుతోనే చూస్తాను."

ఆవిడ ఎక్కిన తీరు చూసి రౌతుకి కడుపు నిండింది. పక్షి వాలినట్టు ఎక్కింది. ఆవరణలో గుర్రం నడిచింది. రౌతు మంచం మీంచే అరిచాడు, "ఎడమకి!" అది ఎడమకి తిరిగింది. "కుడికి!" కుడికి తిరిగింది. "ఆగు!" ఆగింది. రౌతు భార్య అలవాటు కొద్దీ బకెట్టుతో పక్కనే తిరుగుతోంది. ఈ మొత్తం వ్యవహారంలో ఆమె ఉందని రౌతు గమనించలేదు, మేడమూ గమనించలేదు. తొట్టి దగ్గర బకెట్టు ఉండడం ఎవరు గమనిస్తారు?

"చూశారా మేడం! కూర్చున్న చోటు నుంచి నేర్పాను. ఆర్నెల్లుగా ఈ మంచం దిగలేదు. గొంతు ఒక్కటే!"

"బాగుంది," అంది మేడం. మొదటిసారి కొంచెం నవ్వింది. "బయట చూసొస్తాను."

గేటు దాటింది. గుర్రం ఇంకో నాలుగు బారలు నడిచింది. తర్వాత మెల్లగా, ఎవరో పిలిస్తే ఆగినట్టు, ఆగిపోయింది.

మేడం మడమలతో నొక్కింది. నాలుకతో చప్పుడు చేసింది. మెడ నిమిరింది. ఒళ్ళు ముందుకి వంచింది. గుర్రం తల ఎడమకి తిప్పి, ఖాళీగా ఉన్న చోటు వంక చూస్తూ నిలబడింది. రౌతు కుంటుకుంటూ మంచాన్ని గేటు దాకా ఈడ్చుకొచ్చి అరిచాడు. "పద! పదవే! పదమంటే!" ఆ అరుపుకి రోడ్డు మీద పోతున్న సైకిలువాడు పదిగజాలు గబగబా తొక్కాడు తప్ప గుర్రం చెవి కదల్లేదు.

మేడం దిగింది. కోపంగా ఉన్న మనిషి దిగినట్టే దిగింది.

"లోపలొక మాట, బయటొక మాట. ఏం పెట్టారు దీనికి? లోపల ఏం చేసి తిప్పుతున్నారు?"

"నేనేం చేస్తాను మేడం? మంచం మీద ఉన్నాను కదా, మీరే చూశారుగా!"

"అదే అడుగుతున్నా. ఏదో కిటుకుంది. నా దగ్గరికి చిన్నపిల్లలు వస్తారు పెద్దాయనా. నడి రోడ్డు మీద ఆగిపోయే గుర్రం మీద పిల్లని కూర్చోబెట్టి, వెనకాల లారీ వస్తే? ఇలాంటి గుర్రాన్ని నేర్చిన గుర్రమని అమ్మడం మోసం కాకపోతే ఏమిటి?"

ఒకే వారంలో రెండోసారి ఆ మాట. షావుకారు అన్నప్పుడు రౌతుకి చీమ కుట్టినట్టు కూడా లేదు. గుర్రం తెలిసిన మనిషి అనేసరికి తేలు కుట్టినట్టయింది.

ఆ గొడవ తనది కానట్టు భార్య బకెట్టు కిందపెట్టి గుర్రాన్ని తేవడానికి వెళ్ళింది. తాడు పట్టుకోలేదు. దాని ఎడమ భుజం దగ్గరికి వెళ్ళి, వెనక్కి తిరిగి, ఇంటివైపు నడక మొదలెట్టింది. గుర్రం ఆమెతో పాటు నడిచింది. దారిలో చెప్పులో రాయి దూరితే ఆమె ఆగింది, అది ఆగింది. రాయి దులిపి కదిలింది, అది కదిలింది. గేటు దగ్గర ఎడమకి తిరిగింది, అదీ తిరిగింది.

రౌతు కళ్ళు ఆ రెండు చెప్పుల మీద, వాటి పక్కనే పడుతున్న నాలుగు డెక్కల మీద నిలిచిపోయాయి.

"ఏమే, అక్కడే ఆగు. కదలకు."

ఆమె ఆగింది. గుర్రం ఆగింది.

"పద!" అని రౌతు లాయం కప్పు ఎగిరేలా అరిచాడు. గుర్రం ఒక కన్ను ఆర్పింది.

"ఇప్పుడు నువ్వు కదులు. నేనేం అనను."

ఆమె కదిలింది. గుర్రం కదిలింది.

మేడం హెల్మెట్టు తీసి చేత్తో పట్టుకుంది. రౌతు మంచం మీద వెనక్కి వాలాడు. ఆర్నెల్ల పాటు వాన అనక ఎండ అనక అరిచిన ఎడమలు, కుడులు, ఆగులు, పదలు అన్నీ ఒక్కసారిగా ఎగిరొచ్చి ఆయన నెత్తిన వాలినట్టయింది.

"అయితే నేనరిచిందంతా?"

"నువ్వు ఎడమకనేవాడివి, నేను ఎడమకి తిరిగేదాన్ని. నేను తిరిగితే అది తిరిగేది," అంది భార్య.

"మరి చెప్పలేదేమే?"

"నాకు మాత్రం తెలిస్తేగా? నీ మాట వింటోందనే అనుకున్నాను." మళ్ళీ నిజం మింగలేక, "ఒకట్రెండుసార్లు అనుమానం వచ్చిందిలే. అరుస్తుంటే నీకు పొద్దుపోతోంది కదా అని ఊరుకున్నాను," అంది.

మేడం మొహం పక్కకి తిప్పుకుంది. నవ్వుని దాచుకోవడానికే అయ్యుంటుంది, ఎందుకంటే మళ్ళీ ఇటు తిరిగేసరికి గొంతు మెత్తబడింది. "గుర్రం మంచిది. కానీ దీనికి సగమే వచ్చు. మనిషి పక్కనుంటే నడవడం వచ్చు, మనిషి మీదుంటే నడవడం రాదు. ఆదివారం మళ్ళీ వస్తాను. బయట, నాతో ఒక్కటే, సంత వీధి మలుపు దాటి వెళ్ళొస్తే తీసుకుంటాను. లేకపోతే నావల్ల కాదు."

మధ్యాహ్నమంతా రౌతు మాట్లాడలేదు. భార్యకి భయమేసి రెండుసార్లు నుదురు తాకి చూసింది. పొద్దువాలే వేళకి లేచి కూర్చుని, "నన్ను దాని మీద కూర్చోబెట్టు," అన్నాడు.

"మతి పోయిందా?"

"ఎవరో ఒకరు పైన ఉండాలి. నువ్వు కింద నుంచి కాస్త కాస్త వెనకబడుతూ రావాలి. వెనకబడ్డావని దానికి తెలియకుండా వెనకబడాలి. పైనున్న బరువే తోడని దానికి అనిపించాలి. నువ్వు పైకెక్కలేవు, నేను కింద నడవలేను. ఇంకెవరున్నారు మనకి?"

ఎడమ మోకాలు వంగదు కాబట్టి రికాబులో కాలు పెట్టే ముచ్చట లేదు. గుర్రాన్ని లాయం గోడ పక్కన నిలబెట్టి, రౌతు ముందు బల్ల, బల్ల మీంచి గోడ, గోడ మీంచి దాని వీపు మీదికి జారాడు. జారేటప్పుడు మోకాలు గోడకి తగిలి కళ్ళ ముందు మెరుపులు మెరిశాయి. పళ్ళు కరుచుకున్నాడు. అంతెత్తు నుంచి లాయం కప్పులో చిల్లులు ఎన్నున్నాయో కనిపించాయి.

"ఇప్పుడు నోరు తెరవకు," అంది భార్య కింద నుంచి. "దానికి నీ మాట తెలీదు. నీ బరువు తెలియాలి."

అలా మొదలైంది. మొదటి సాయంత్రం ఆమె భుజం దగ్గరే నడిచింది. రౌతు పైన మూటలా కూర్చున్నాడు. మర్నాడు పొద్దున ఆమె అర అడుగు వెనక్కి, ఆయన మోకాలి పక్కకి వచ్చింది. గుర్రం చెవి ఒకటి వెనక్కి తిరిగింది గానీ కాళ్ళు ఆగలేదు. సాయంత్రానికి ఆమె తోక దగ్గరికి వెళ్ళింది. ఇక్కడ గుర్రం ఆలోచనలో పడింది. అడుగు నెమ్మదించింది. రౌతు కుడి మడమతో నొక్కాడు. ఒక్కవైపే నొక్కితే అది పక్కకి జరిగి కంచెలోకి పోబోయింది. అప్పుడాయన నడుం కొంచెం ఎడమకి వాల్చి, తుంటి బరువుతో ముందుకి తోశాడు. గుర్రం ఒళ్ళంతా ఒకసారి వణికి, సర్దుకుని, ముందుకి నడిచింది. 'శభాష్' అనబోయి పెదవి కొరుక్కున్నాడు. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో రౌతుకి మోకాలి నొప్పికన్నా నోటి నొప్పే ఎక్కువ.

మూడో సాయంత్రం ఆమె అడ్డం తిరిగింది. గడ్డి వేస్తూ వేస్తూ చేతులు ఆపి, "ఇక నేను వెనకబడను," అంది.

"ఏమైందే?"

"నేను తోక దాటితే అది తల తిప్పి చూస్తోంది. ఆ చూపు నువ్వు చూడవు, నీ కళ్ళు రోడ్డు మీదుంటాయి. నేను చూస్తాను. కంకరాయనకి ఇవ్వొద్దు, మేడానికీ ఇవ్వొద్దు. ఉంచేద్దాం. గడ్డి నేను కోసుకొస్తాను."

"ఎన్నాళ్ళు కోసుకొస్తావు?"

"కోసినన్నాళ్ళు."

రౌతు ఏదో చమత్కారం వెతికాడు. దొరకలేదు. "రేపు నీకో నాకో ఏదైనా అయితే," అన్నాడు నెమ్మదిగా, "ఇది రోడ్డు మీద ఎడమవైపు చూస్తూ నిలబడుతుంది. ఎవడో వస్తాడు. గుంజుతాడు. ఇది ఇంకా నిలబడుతుంది."

ఆమె గడ్డి మోపు విప్పింది. అంతా విప్పేసి, పరిచి, మళ్ళీ కుప్పచేసింది. గుర్రం మానిన పెదవితో మెల్లగా నములుతుంటే ఆ మూలనే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత వెనకబడను అనే మాట ఆమె నోట రాలేదు.

కానీ ఇంకో చిక్కొచ్చింది. తోక దాటి పది బారలు వెనక్కి పోయినా గుర్రం నడుస్తోంది. ఇరవై బారలు పోయినా నడుస్తోంది. బాగుందనుకుని ఆమె నిలబడిపోగానే అదీ నిలబడిపోతోంది. రౌతు పైన కూర్చుని బుర్ర గోక్కున్నాడు. అది చూడట్లేదు మరి, ఎలా తెలుస్తోంది? చెవులు చూశాడు. రెండూ వెనక్కి తిరిగి, గిన్నెల్లా నిలబడి ఉన్నాయి. అప్పుడు ఆయనకీ వినిపించింది. అన్నేళ్ళుగా ఇంట్లో, వాకిట్లో, లాయంలో వింటూ వింటూ వినడం మానేసిన చప్పుడు. ఆమె చెప్పులు. టప, టప, టప.

"చెప్పులు విప్పు," అన్నాడు.

ఆమె వంగి విప్పింది. చేతిలోకి తీసుకుంది.

"నడువు. నాతో రా. ఎక్కడ ఆగాలో నువ్వే ఆగు. నాకు చెప్పకు."

గుర్రం కదిలింది. ఈసారి వెనకాల ఏ చప్పుడూ లేదు. రౌతుకి తెలీదు ఆమె ఎంత దూరంలో ఉందో, అసలుందో లేదో. తిరిగి చూస్తే బరువు మారుతుంది. బరువు మారితే గుర్రానికి తెలుస్తుంది. మెడ బిగబట్టి ముందుకే చూశాడు. గుర్రం చెవులు కాసేపు వెనకాల వెతికాయి. ఒకటి ముందుకి తిరిగింది. రోడ్డు వంపు వచ్చింది. సంత వీధి మలుపు. గుర్రం అడుగు సగంలో తడబడింది. రౌతు ఊపిరి బిగబట్టి నడుంతో తోశాడు. రెండో చెవి కూడా ముందుకి తిరిగింది. డెక్కలు మలుపు దాటాయి.

కూరగాయల బండివాడు, "ఓహో రౌతూ, మళ్ళీ ఎక్కావా!" అన్నాడు. రౌతు అతని వంక చూడలేదు, మాట్లాడలేదు. బండివాడు ఆ రోజు ఇంటికెళ్ళి రౌతుకి ఒంట్లో బాగోలేదని చెప్పాడట.

సంత వీధి చివరి దాకా పోయి, వెనక్కి తిప్పుకుని, మలుపులోకి వచ్చాక చూశాడు. రోడ్డు పొడవునా ఖాళీ. ఎక్కడో గేటుకి కాస్త ఇవతల, రెండు చెప్పులూ ఒక చేత్తో పట్టుకుని, ఆమె వేలెడంత మనిషిలా నిలబడి ఉంది. మొదటి పది అడుగుల్లోనే ఆగిపోయిందన్నమాట.

ఆదివారం మేడం చెప్పిన వేళకే వచ్చింది. భార్య దాణా పెట్టి, జూలు దువ్వి, ముఖతాడు తగిలించి, గుర్రాన్ని మేడానికి అప్పగించి లాయం వెనక్కి వెళ్ళిపోయింది. చెప్పులు లేకుండానే. మేడం ఎక్కింది. గేటు దాటింది. నాలుగు బారలు. రౌతు మంచం కోడు పట్టుకున్నాడు. గుర్రం తల ఎడమకి కొంచెం, చాలా కొంచెం వంగింది. మేడం ఏం చేసిందో, చేయకుండా ఉందో, తల మళ్ళీ తిన్నగా నిలబడింది. వంపు తిరిగి కనుమరుగైపోయారు.

అదే సమయానికి జీపొచ్చింది. కాంట్రాక్టరు దిగి, తెచ్చుకున్న తాడు మోచేతికి చుట్టుకుంటూ మంచం చివర కూర్చున్నాడు.

"వెళ్ళిందా? ఎంతసేపైంది?"

"ఇప్పుడే."

"ఏం పర్లేదన్నా, కూర్చుంటాను. ఈసారి ఆవిడ లాక్కుంటూ వస్తుంది. ఆడమనిషి పాపం, మనం ఎదురెళ్దామా?"

కాంట్రాక్టరు గడ్డి రేటు గురించి మాట్లాడాడు. వానల గురించి మాట్లాడాడు. ఈ లాయం చోటులో షెడ్డు వేస్తే ఎంత బాగుంటుందో చెప్పాడు. వెళ్ళినవాళ్ళు ఎంతకీ రాలేదు. సంత వీధికి వెళ్ళి రావడానికి ఇంతసేపా? లాయం వెనక ఏ చప్పుడూ లేదు. అక్కడ గోడకి ఆనుకుని ఒక మనిషి ఊపిరి కూడా చప్పుడవుతుందేమోనని నిలబడి ఉందని ఆయనొక్కడికే తెలుసు.

తర్వాత డెక్కల చప్పుడు వినబడింది. చేత్తో లాక్కొచ్చే గుర్రం డెక్కలు రోడ్డుని ఊరికే తాకుతాయి. మనిషిని మోసుకొచ్చే గుర్రం రోడ్డుని అదిమి పెట్టి నడుస్తుంది. రౌతు చెవులు రిక్కించాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఇక ఆ తాడు జీపులో పెట్టుకో తమ్ముడూ," అన్నాడు.

మేడం వంపు తిరిగి వచ్చింది, గుర్రం మీదే, చెమట పట్టిన మొహంతో. మలుపు దాటి, సంత దాటి, చెరుకు తోటల దాకా వెళ్ళొచ్చారట. ఒక్క చోట కూడా ఆగలేదు. కాంట్రాక్టరు కాసేపు గుర్రాన్ని, కాసేపు తాడుని చూసి, "మంచిదేలే, మంచిదేలే," అంటూ వెళ్ళిపోయాడు.

"ఎలా మాన్పించారు ఇంత తక్కువ రోజుల్లో?" అంది మేడం, దిగుతూ.

రౌతు నోరు తెరిచాడు. ఎంత అద్భుతమైన కథ సిద్ధంగా ఉందో ఆయన కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. నోరు మూసి, లాయం వైపు చెయ్యి చూపించాడు. "మా ఇంటిదాన్నడగండి."

రౌతు భార్య గోడ పక్క నుంచి తొంగి చూసింది. "ఏం లేదమ్మా," అంది. "వెనకబడ్డాను. అంతే."

మేడం బేరం బేరంగానే ముగించింది. మాట ప్రకారం డబ్బిచ్చింది. స్వారీ చేసే పోతానంది. "మీరు కూడా గేటు దాకా రండమ్మా," అంటే రౌతు భార్య తల అడ్డంగా ఊపింది. "నేనొస్తే ఆగుతుందేమో. మీరు వెళ్ళండి." దాని మెడ మీద కూడా చెయ్యి వేయలేదు. మళ్ళీ లాయం వెనక్కి పోయింది.

రౌతు కర్ర ఆసరాతో కుంటుకుంటూ గేటు దాకా వెళ్ళాడు. గుర్రం వంపు తిరిగి కనుమరుగయ్యేదాకా నిలబడ్డాడు. ఆ తర్వాత కూడా కొంచెంసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చేసరికి ఆమె ఖాళీ తొట్టి కడుగుతోంది. కడిగిన చోటే కడుగుతోంది.

"వెనక్కి చూసిందా?" అంది, తల ఎత్తకుండా.

రౌతు మంచం మీద కూర్చున్నాడు. కర్ర పక్కన పెట్టాడు. "లేదు. ఒక్కసారి కూడా చూడలేదు."

చేతిలో గుడ్డ ఆగిపోయింది. "మంచిది," అంది. నీళ్ళు పారబోసింది. తొట్టి బోర్లించింది. అంతా అయ్యాక ఆయన వైపు తిరిగి, ఎర్రబడ్డ కళ్ళతో, పట్టరాని కోపంతో, "పుట్టిన దగ్గర్నుంచీ అబద్ధాలే కదయ్యా నీ బతుకంతా," అంది. "ఈ ఒక్కటి చెప్పలేకపోయావా?"

రౌతు ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"చూసిందే," అన్నాడు. "ఎందుకు చూడదు? గేటు దగ్గరొకసారి చూసింది. కరెంటు స్తంభం దగ్గర చూసింది. వంపు దగ్గరైతే ఎలా చూసిందనుకున్నావు, మేడం పైనుంచి జారి పడబోయి జూలు పట్టుకుంది. అది సకిలించిన సకిలింపుకి సంతలో తక్కెళ్ళన్నీ ఊగి..."

"అంత వద్దు," అంది ఆమె, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "కొంచెం తగ్గించు."

"పోనీ, తక్కెళ్ళు తీసేస్తాను. మూడుసార్లు చూసింది."

ఆమె ఆలోచించింది.

"ఒక్కసారి చాలు."

"సరే," అన్నాడు రౌతు. "ఒక్కసారే చూసింది."